పాత పక్షి గ్రంథాల్లో శాస్త్రీయ నామం జాడ తీయడం: సిరోంచ, కొరాపుట్, గంజాం వైపు వాళ్ల కోసం

జయపురంలోనో పర్లాకిమిడిలోనో కూర్చుని జిల్లా పక్షుల జాబితా రాసేవాళ్లకి మొదటి చిక్కు పాలపిట్ట దగ్గరే వస్తుంది. ఇవాళ్టి ఏ జాబితాలో చూసినా దాని పేరు కొరేసియస్ బెంగాలెన్సిస్. 19వ శతాబ్దపు పక్షిశాస్త్రవేత్త జెర్డన్ 1862లో అచ్చువేసిన ‘బర్డ్స్ ఆఫ్ ఇండియా’ మొదటి సంపుటంలో కొరేసియస్ ఇండికా. ఇంకా వెనక్కి వెళ్లి లాటిన్ జంట పేర్ల పద్ధతికి మూలమైన లినేయస్ 1758 గ్రంథం (‘సిస్టమా నేచురే’ 10వ కూర్పు) తెరిస్తే అది కాకుల ప్రజాతిలో (జీనస్, అంటే జంట పేరులో మొదటి పదం) కనిపిస్తుంది, కోర్వస్ బెంగాలెన్సిస్ అని. పాలపిట్టని ఎవరైనా గుర్తుపడతారు కాబట్టి మూడూ ఒకటే అని సర్దుకుపోవచ్చు. చిన్న బాబ్లరో, వార్బ్లరో అయితే అలా కుదరదు. ఒకే పక్షి రెండు పేర్లతో రెండుసార్లు లెక్కకెక్కుతుంది, లేదా రెండు పక్షులు ఒక పేరు కింద కలిసిపోతాయి.

పాత పుస్తకంలో పేరు దొరికినంత మాత్రాన పక్షి దొరికినట్టు కాదు. ఆ పేరుని ఎవరు వాడారు, ఏ సంవత్సరంలో, ఏ పక్షిని ఉద్దేశించి, ఏ ఊరి నమూనా (సేకరించి దాచిన పక్షి) చూసి అన్నవి నాలుగూ తేలాలి. ఈ పద్ధతంతా ఆ నాలుగింటి కోసమే.

ఒక మాట ముందే. ఇక్కడ లాటిన్ పేర్లన్నీ తెలుగు లిపిలో రాశాం. వెతికేటప్పుడు రోమన్ అక్షరాల్లో, అచ్చులో ఉన్న స్పెల్లింగుతోనే వెతకాలి. ఒక్క అక్షరం తేడా వచ్చినా ఫలితం రాదు.

ముందు పట్టిక గీసుకోండి

స్ప్రెడ్‌షీట్ అయినా, గీతల నోటుపుస్తకం అయినా ఎనిమిది గడులు చాలు: సంవత్సరం, పేరు అచ్చులో ఉన్నట్టే, పేరు పెట్టినవారు, ఆ పేరు వాడిన రచయిత–పుస్తకం, పేజీ, ఊరు అచ్చులో ఉన్నట్టే, ఆ ఊరు ఇప్పుడు ఏ జిల్లాలో ఉంది, నమూనా ఎక్కడుంది. ‘అచ్చులో ఉన్నట్టే’ అన్న రెండు గడుల్లో ఏమీ సరిదిద్దకండి. తప్పు స్పెల్లింగు కనిపిస్తే అదే దింపండి, సవరణ పక్క గడిలో రాయండి. ముందే సరిదిద్దేస్తే ఆ పేరుని తర్వాత ఎవరూ మళ్లీ వెతికి పట్టుకోలేరు. పేరు పెట్టినవారు, పేరు వాడినవారు అని రెండు గడులు ఎందుకంటే చాలా పొరపాట్లు ఆ ఇద్దరినీ ఒకరనుకోవడంలోనే పుడతాయి.

ఇవాళ్టి పేరుతో మొదలుపెట్టి వెనక్కి

ప్రపంచ పక్షుల జాబితాలైన ఐఓసీ జాబితా, 2025లో వచ్చిన అవిలిస్ట్, క్లెమెంట్స్ జాబితా, వీటిలో ఏదో ఒకటి తీసుకుని పేరు పక్కన ఉన్న వ్యక్తి పేరు, సంవత్సరం చూడండి. ముఖ్యంగా చూడవలసింది కుండలీకరణం (బ్రాకెట్). మన ఊరకాకి కోర్వస్ స్ప్లెండెన్స్ వియేయో, 1817. కుండలీకరణం లేదు. అంటే వియేయో పేరు పెట్టినప్పుడు కూడా అది కోర్వస్ ప్రజాతిలోనే ఉంది. గోరింక అక్రిడోథెరీస్ ట్రిస్టిస్ (లినేయస్, 1766). కుండలీకరణం ఉంది, అంటే లినేయస్ దాన్ని వేరే ప్రజాతిలో పెట్టాడు. ఆయన రాసింది పారడైసియా ట్రిస్టిస్. గోరింకని స్వర్గ పక్షుల్లో చేర్చాడన్నమాట! దాని ఊరు ఫిలిప్పీన్స్ అని కూడా రాశాడు. తర్వాతివాళ్లు దాన్ని పుదుచ్చేరిగా సరిచేశారు. తొలి వర్ణనలో ఉన్న ఊరిని కళ్లు మూసుకుని నమ్మకూడదనడానికి పెరట్లో తిరిగే ఈ గోరింకే సాక్ష్యం.

కుండలీకరణం ఉన్న ప్రతి పక్షికీ మొదటి ప్రజాతి ఏదో కనుక్కోవాలి. పీటర్స్ మొదలుపెట్టిన ‘చెక్‌లిస్ట్ ఆఫ్ బర్డ్స్ ఆఫ్ ది వరల్డ్’ 16 సంపుటాలు (1931–1987) ఇందుకు బాగా పనికొస్తాయి. ఒక్కో పేరు కింద తొలి పేరు, పత్రిక, పేజీ, ఊరు ఒకే వరుసలో ఉంటాయి. పాత పేర్లకి రిచ్‌మండ్ ఇండెక్స్ ఇంకా లోతైనది. చార్లెస్ రిచ్‌మండ్ కార్డుల మీద చేత్తో రాసి పెట్టుకున్న సూచిక అది. కార్డుల బొమ్మలు నెట్‌లో ఉన్నాయి, చేతిరాత చదవడానికి కాస్త ఓపిక కావాలి. నెట్‌లో ఉన్న పక్షి పేర్ల డేటాబేస్ అవిబేస్‌లో పర్యాయ నామాలు (ఒకే పక్షికి ఉన్న వేరే పేర్లు) గుట్టగా దొరుకుతాయి. దారి తెలుసుకోవడానికి అది మంచిదే, సాక్ష్యంగా చూపించడానికి కాదు. అక్కడ దొరికిన పేరుని మూల గ్రంథంలో కళ్లారా చూసేదాకా పట్టికలో పెన్సిల్‌తోనే ఉంచండి.

మూల గ్రంథం తెరవడం

పాత పుస్తకాల్లో చాలావరకు బయోడైవర్సిటీ హెరిటేజ్ లైబ్రరీలో, ఇంటర్నెట్ ఆర్కైవ్‌లో ఉచితంగా ఉన్నాయి. మల్కన్‌గిరి, సిరోంచ లాంటి చోట్ల సిగ్నల్ అంతంతమాత్రమే కాబట్టి మొత్తం సంపుటం దింపుకోవద్దు, ఒక్కోటి వందల ఎంబీ ఉంటుంది. బయోడైవర్సిటీ హెరిటేజ్ లైబ్రరీలో కావలసిన పేజీలు మాత్రమే ఎంచుకుని పీడీఎఫ్ చేయించుకోవచ్చు. ఇంటర్నెట్ ఆర్కైవ్‌లో ప్రతి పుస్తకానికీ అక్షరపాఠం ఫైలు విడిగా ఉంటుంది. చాలా చిన్నది. ముందు దాన్ని దింపుకుని అందులో వెతికి, పేజీ తెలిశాక ఆ పేజీ బొమ్మ ఒక్కటే తెరవండి.

అక్షరపాఠం యంత్రం చదివి రాసింది కాబట్టి తప్పులుంటాయి. 18వ శతాబ్దపు అచ్చులో పదం మధ్యలో వచ్చే పొడుగు ‘ఎస్’ అక్షరాన్ని యంత్రం ‘ఎఫ్’ అని చదువుతుంది. బెంగాలెన్సిస్ కాస్తా బెంగాలెన్ఫిస్ అయిపోతుంది. ‘ఏ’, ‘ఈ’ అతికించి అచ్చువేసిన జంట అక్షరాలు ఒక్కోచోట ఒక్కోలా వస్తాయి. మనుషుల పేర్ల మీద పెట్టిన జాతి నామాలు పాత అచ్చులో పెద్ద అక్షరంతో మొదలవుతాయి, చివర ఒక ‘ఐ’ ఉంటుందో రెండుంటాయో చెప్పలేం. అందుకని పూర్తి పేరు కొట్టకండి. పేరు నడుమ చెడిపోయే అవకాశం తక్కువున్న నాలుగైదు అక్షరాలు మాత్రమే కొట్టండి.

మన ప్రాంతంలో అడుగడుగునా తగిలే చిక్కు ‘బెంగాల్’ నుంచి వచ్చిన పేర్లు. పాలపిట్ట పేరులో ‘జి’ పక్కన ‘హెచ్’ ఉంది. తెల్లవీపు రాబందు జిప్స్ బెంగాలెన్సిస్ పేరులో ‘హెచ్’ లేదు. రెండూ సరైనవే. పేరు మొదట ఎలా అచ్చయితే అలాగే ఉంచాలన్నది నియమం. వెతికేటప్పుడు మాత్రం రెండు రకాలుగానూ వెతకాలి, ఎందుకంటే 19వ శతాబ్దపు రచయితలు తమకి తోచినట్టు మార్చేశారు.

ఆ రాబందు పేరు గ్మెలిన్ 1788లో పెట్టింది. పక్షిని వర్ణించినవాడు మాత్రం లాథమ్. లాథమ్ 1781 నుంచి 1785 దాకా తెచ్చిన ‘జనరల్ సినాప్సిస్ ఆఫ్ బర్డ్స్’లో ఇంగ్లీషు పేర్లే ఇచ్చాడు, లాటిన్ జంట పేర్లు ఇవ్వలేదు. గ్మెలిన్ ఆ వర్ణనలు తీసుకుని లినేయస్ గ్రంథం 13వ కూర్పులో లాటిన్ పేర్లు తగిలించాడు. శాస్త్ర నియమం ప్రకారం పేరు గ్మెలిన్‌దే అయింది. లాథమ్ తేరుకుని 1790లో సొంతంగా లాటిన్ పేర్లు అచ్చువేసేసరికి చాలా పక్షులు చేజారిపోయాయి. కాబట్టి గ్మెలిన్ పేజీ దొరకగానే ఆగిపోవద్దు. అక్కడ రెండు మూడు వరుసలే ఉంటాయి. కింద ఇచ్చిన లాథమ్ సంపుటం, పేజీ పట్టుకుని అసలు వర్ణన చదవండి. రంగులు, కొలతలు, నమూనా ఎవరి దగ్గరుందో అక్కడ తెలుస్తుంది.

పాలపిట్ట మీద మొత్తం పద్ధతి

లినేయస్ 1758లో కోర్వస్ బెంగాలెన్సిస్ అని రాసినప్పుడు ఆయన ముందు పక్షి లేదు. ఎలియాజర్ ఆల్బిన్ 1731లో అచ్చువేసిన ‘జే ఫ్రమ్ బెంగాల్’ అనే బొమ్మ, దాని వర్ణన ఆధారం. మళ్లీ 1766లో, 12వ కూర్పులో, అదే లినేయస్ కొరేసియస్ ఇండికా అని ఇంకో పేరు పెట్టాడు. ఈసారి ఆధారం జార్జ్ ఎడ్వర్డ్స్ 1764లో వర్ణించిన శ్రీలంక పక్షి. రెండు బొమ్మలు, రెండు పేర్లు, నిజానికి ఒకే జాతి.

ఇప్పుడు ముందుకు నడవండి. జెర్డన్ 1862: కొరేసియస్ ఇండికా. బ్లాన్‌ఫోర్డ్ ‘ఫానా ఆఫ్ బ్రిటిష్ ఇండియా’ పక్షుల మూడో సంపుటం, 1895: కొరేసియస్ ఇండికా. స్టూవర్ట్ బేకర్ అదే గ్రంథం రెండో కూర్పు నాలుగో సంపుటం, 1927: కొరేసియస్ బెంగాలెన్సిస్, దాని కింద ఉపజాతిగా ఇండికా. పట్టికలో ఈ మూడు వరుసలు చూస్తేనే అసలు ప్రమాదం తెలుస్తుంది. 1895లో ‘ఇండికా’ అంటే మొత్తం పాలపిట్ట జాతి. 1927 తర్వాత ‘ఇండికా’ అంటే దక్షిణాది ఉపజాతి మాత్రమే. ఒక పాత గంజాం జాబితాలో ఇండికా అని ఉందంటే, అది రాసినవారు ఉపజాతి తేల్చి రాశారని అర్థం కాదు, ఆ రోజుల్లో ఉన్న పేరు రాశారు, అంతే. ఆ జాబితా సంవత్సరం చూడకుండా ‘మన జిల్లాలో దక్షిణాది ఉపజాతి నమోదైంది’ అని రాయకూడదు.

ఇంగ్లీషు పేరు కూడా ఇక్కడే చూసుకోండి. పాత దొరల రాతల్లో పాలపిట్ట ‘బ్లూ జే’. మాల్ట్‌బీ ‘గంజాం డిస్ట్రిక్ట్ మాన్యువల్’ (1882), కార్మైకేల్ విశాఖపట్నం మాన్యువల్ (1869), ఫ్రాన్సిస్ విశాఖపట్నం గెజిటీర్ (1907) లాంటి వాటిలో వెతికేటప్పుడు లాటిన్ పేరు ఒక్కటే కొడితే పని కాదు. ఆ కాలపు వాడుక పేర్లు కూడా కొట్టాలి.

ఈ పేర్ల ఊగిసలాటకి నియమాల చరిత్ర కూడా ఒక కారణం. స్ట్రిక్లాండ్ 1842లో రూపొందించిన నియమావళి లినేయస్ 12వ కూర్పుని, అంటే 1766ని, మొదలుగా తీసుకుంది. ఇప్పటి నియమావళి మొదలు 1758 నాటి 10వ కూర్పు. బ్రిటిష్ రచయితలు చాలాకాలం పాత నియమం పట్టుకుని నడిచారు. ఒక పక్షికి లినేయస్‌వే రెండు పేర్లు కనిపించి, 19వ శతాబ్దపు పుస్తకాల్లో వెనకటిది కాక తర్వాతిది వాడుకలో ఉంటే ముందు అనుమానించాల్సింది దీన్నే.

పేరు కన్నా గట్టి తాడు: జెర్డన్ నంబరు

ఈ కిటుకు తెలిస్తే సగం శ్రమ తగ్గుతుంది. జెర్డన్ తన గ్రంథంలో (1862–1864) 1008 జాతులకి వరుస నంబర్లు ఇచ్చాడు. ఎ. ఓ. హ్యూమ్ నడిపిన ‘స్ట్రే ఫెదర్స్’ పత్రికలో వచ్చిన జాబితాలు ఆ నంబర్లనే వాడాయి. కొత్త పక్షి చేరితే పక్క నంబరుకి ‘బిస్’, ‘టెర్’ అని తోక తగిలించారు. పాలపిట్ట 123. పేరు మారినా, స్పెల్లింగు చెడినా 123 అని ఉందంటే రచయిత మనసులో ఉన్నది జెర్డన్ పుస్తకంలోని ఆ పక్షి. 124 దగ్గర కొరేసియస్ అఫినిస్ ఉంటుంది, అది తూర్పుదేశపు పక్షి. ఒక అంకె తేడాతో పక్షి మారిపోతుంది కాబట్టి నంబరుని బొమ్మలోనే చూసి రాసుకోండి, యంత్రం చదివిన పాఠం నమ్మొద్దు.

మనకి బాగా అక్కరకొచ్చే జాబితా వాలెంటైన్ బాల్‌ది. ‘స్ట్రే ఫెదర్స్’ ఏడో సంపుటంలో, 1878లో, రాజ్‌మహల్ కొండల నుంచి గోదావరి లోయ దాకా ఉన్న కొండ ప్రాంతపు పక్షుల విస్తరణ మీద ఆయన పెద్ద వ్యాసం రాశాడు. కొరాపుట్, రాయగడ, మల్కన్‌గిరి, సిరోంచ ప్రాంతాల మీద పనిచేసేవారు ముందు చదవాల్సింది అదే. దాని తర్వాత హ్యూ విస్లర్, కిన్నియర్‌తో కలిసి బొంబాయి నేచురల్ హిస్టరీ సొసైటీ పత్రికలో 1930 నుంచి 1937 దాకా భాగాలుగా రాసిన వెర్నే తూర్పు కనుమల సర్వే నివేదిక. విస్లర్ జాగ్రత్తపరుడు. ఏ నమూనా ఎక్కడిదో, ఎందుకు ఫలానా పేరు వాడుతున్నాడో కారణం చెప్పి రాస్తాడు. పేరు మార్పు ఎక్కడ జరిగిందో అర్థం కానప్పుడు ఆయన పేజీలో తరచు జవాబు ఉంటుంది.

జెర్డన్ మీద కూడా ఓ మాట. 1836లో మద్రాసులో దిగగానే ఆయన్ని పంపింది గంజాం వైపు సైన్యంతోనే. ఆ తర్వాత ‘మద్రాస్ జర్నల్ ఆఫ్ లిటరేచర్ అండ్ సైన్స్’లో ఆయన భాగాలుగా అచ్చువేసిన ద్వీపకల్ప పక్షుల జాబితాలో తూర్పు కనుమల ప్రస్తావనలు కనిపించడం అందుకే. 1862 గ్రంథం చేతిలో ఉంది కదా అని దాన్ని వదిలేయకండి. రెండింటిలో పేర్లు చాలాచోట్ల వేరు.

ఇవి ఎక్కడున్నాయో ఒక్కోటి వెతుక్కోవడం కష్టమనిపిస్తే హైదరాబాదుకి చెందిన ఆశీష్ పిట్టీ తయారుచేసిన దక్షిణాసియా పక్షిశాస్త్ర గ్రంథసూచి నెట్‌లో ఉంది. ఊరి పేరుతో, పక్షి పేరుతో, రచయిత పేరుతో వెతకొచ్చు.

ఒకే పేరు, వేరే పక్షి

పేరు మారడం కన్నా చెడ్డది పేరు మారకుండా పక్షి మారడం. గుంపులుగా నేల మీద ఆకులు తిరగేస్తూ గోల చేసే జంగిల్ బాబ్లర్‌ని తీసుకోండి. జెర్డన్ 1863లో దీన్ని మలకోసెర్కస్ టెర్రికలర్ అన్నాడు. ఓట్స్ 1889లో, ‘ఫానా ఆఫ్ బ్రిటిష్ ఇండియా’ పక్షుల మొదటి సంపుటంలో, క్రాటెరోపస్ కనోరస్ అన్నాడు. బేకర్ 1922లో టర్డోయిడీస్ టెర్రికలర్. రిప్లీ రాసిన భారత, పాకిస్తాన్ పక్షుల జాబితా ‘సినాప్సిస్’ నాటికి టర్డోయిడీస్ స్ట్రయేటస్. ఇప్పుడు ఆర్గియా స్ట్రయేటా. ఇందులో కంటకమైనది ‘కనోరస్’. అది లినేయస్ 1758 నాటి టర్డస్ కనోరస్ నుంచి వచ్చింది, ఆ పేరు ఈనాడు గారులాక్స్ కనోరస్‌గా చైనా పక్షి హ్వామేకి చెందుతుంది. ఓట్స్ పుస్తకం చూసి రాసిన జాబితాలో కనోరస్ అని కనిపిస్తే, దాన్ని డేటాబేస్‌లో కొడితే చైనా పక్షి వస్తుంది. సిరోంచ అడవిలో హ్వామే ఉందని రాసేస్తే నవ్వులపాలే.

ఇలాంటిది దొరికినప్పుడు పట్టికలో ‘కనోరస్, ఓట్స్ వాడిన అర్థంలో, లినేయస్‌ది కాదు’ అని స్పష్టంగా రాయండి. పక్షిశాస్త్ర గ్రంథాల్లో ఇందుకో అచ్చు మర్యాద ఉంది. పేరు పెట్టినవారి పేరు లాటిన్ పేరు పక్కనే నేరుగా వస్తుంది. తర్వాత ఆ పేరు వాడినవారి పేరుకి ముందు కోలనో, కామానో పెడతారు. ఆ చుక్కలే చెబుతాయి పెట్టింది ఎవరో, వాడింది ఎవరో. చిన్న విషయంలా ఉంటుంది గానీ పాత పర్యాయ నామాల జాబితాలు చదివేటప్పుడు చాలా గందరగోళం దీనితోనే విడిపోతుంది.

అదే బాబ్లర్ తొలి పేరు కాసిఫస్ స్ట్రయేటస్, డ్యూమాంట్ 1823లో పెట్టింది. స్ట్రయేటస్ ఎందుకు స్ట్రయేటా అయింది? జాతి నామం విశేషణం అయితే ప్రజాతి లింగాన్ని అనుసరించాలి. పుంలింగ ప్రజాతిలో ‘అస్’, స్త్రీలింగ ప్రజాతిలో ‘ఆ’, నపుంసకంలో ‘అమ్’. టర్డోయిడీస్ స్త్రీలింగమని తర్వాత తేల్చారు, ఆర్గియా కూడా అంతే. వెతికేటప్పుడు తోక వదిలేసి మొదలు మాత్రమే కొట్టండి, మూడూ వస్తాయి.

దీని చుట్టం లార్జ్ గ్రే బాబ్లర్ ఇంకో రకం వల. సైక్స్ 1832లో దక్కన్ పక్షుల్లో టిమాలియా మాల్కోల్మి అని పెట్టాడు. ఓట్స్ 1889లో ఆర్గియా మాల్కోల్మి అన్నాడు. 20వ శతాబ్దంలో ఎక్కువకాలం టర్డోయిడీస్‌లో ఉండి, 2018 ప్రాంతంలో జన్యు పరిశోధనల తర్వాత మళ్లీ ఆర్గియాలోకి వచ్చింది. 1889 పేరు, ఇవాళ్టి పేరు ఒకటే కదా అని మధ్య వరుసలు వదిలేస్తే నూరేళ్ల మహారాష్ట్ర సాహిత్యమంతా మీ వెతుకులాటలో పడదు.

ఊళ్లు: సరిహద్దు జిల్లాల అసలు తలనొప్పి

పేర్లు మారినట్టే సరిహద్దులూ మారాయి, మన జిల్లాల్లో అయితే మరీ ఎక్కువ. 1936 ఏప్రిల్ 1న ఒరిస్సా రాష్ట్రం ఏర్పడేదాకా గంజాం మద్రాసు ప్రెసిడెన్సీలోది, కొరాపుట్ వైపు జయపురం జమీందారీ విశాఖపట్నం జిల్లాలోది. కాబట్టి 1936కి ముందు ‘గంజాం’ అని రాసి ఉంటే ఆ పక్షి బరంపురంలోనే దొరికిందని కాదు. శ్రీకాకుళం వైపు కూడా అప్పుడు ఆ జిల్లాలోదే, పాత అచ్చులో ‘చికాకోల్’. ‘విజగపటం’ అని ఉన్నది నేటి కొరాపుటో రాయగడో కావచ్చు. దీనికి తలకిందులుగా, ఆ కాలపు పుస్తకంలో ‘ఒరిస్సా’ అంటే కటక్, పూరీ, బాలాసోర్ తీరమే ఎక్కువసార్లు. సంబల్‌పూర్ 1905 దాకా సెంట్రల్ ప్రావిన్సెస్‌లో ఉంది.

సిరోంచ సంగతి ఇంకా విచిత్రం. ఇప్పుడది మహారాష్ట్రలో 1982లో ఏర్పడ్డ గడ్చిరోలి జిల్లాలో ఉంది. అంతకుముందు చంద్రపూర్, ఆ పేరు 1964కి ముందు చాందా. 1874కి ముందైతే సిరోంచే ‘అప్పర్ గోదావరి’ అనే జిల్లాకి కేంద్రం, భద్రాచలం కూడా ఆ జిల్లాలోనే. అంటే 1870ల ముందరి ‘అప్పర్ గోదావరి’ నమోదు నేడు వేర్వేరు రాష్ట్రాల్లో దేనికైనా చెందొచ్చు. ఊరి పేరు లేకుండా జిల్లా పేరు మాత్రమే ఉంటే దాన్ని సిరోంచ ఖాతాలో వేయకండి.

ఇది ఉత్తుత్తి జాగ్రత్త కాదు. కలివికోడిని బ్లాన్‌ఫోర్డ్ సిరోంచ దగ్గర, భద్రాచలం దగ్గర చూసినట్టు 19వ శతాబ్దపు సాహిత్యంలో ఉంది. 1986లో కడప జిల్లా లంకమల వైపు మళ్లీ దొరికేదాకా అది అంతరించిందనే అనుకున్నారు. గోదావరి లోయలో ఎక్కడ వెతకాలన్నది ఆ పాత ఊళ్ల పేర్ల మీదే ఆధారపడింది. దాని తొలి పేరు వెతికేవారికి ఇంకో సూచన: పక్షిని కనుగొన్నది జెర్డన్, ఇంగ్లీషులో ఆయన పేరే దానికుంది, కానీ శాస్త్రీయ నామం అచ్చువేసింది బ్లిత్, 1848లో, ఏషియాటిక్ సొసైటీ పత్రికలో. అప్పుడది మాక్రోటార్సియస్ బైటార్క్వేటస్, ఇప్పుడు రైనోప్టిలస్. జెర్డన్ రచనల్లో తొలి వర్ణన కోసం వెతికితే ఎంతకీ దొరకదు.

జంట ఊళ్లు మరో వల. ‘జైపోర్’ స్పెల్లింగుతో మన జయపురమూ రాయొచ్చు, రాజపుతానా జైపూరూ రాయొచ్చు. ‘స్ట్రే ఫెదర్స్’లో సాంభర్ సరస్సు వ్యాసాలున్నాయి, అక్కడి జైపోర్ మనది కాదు. ‘బెర్హంపోర్’ గంజాందీ కావచ్చు, బెంగాల్ ముర్షిదాబాద్ పక్కదీ కావచ్చు. తేల్చడానికి అదే పేజీలో పక్కన వచ్చే ఊళ్లు చూడండి. రసెల్‌కొండ (నేటి భంజనగర్), గూమ్‌సూర్, ఆస్కా, కిమెడి కనిపిస్తే మనవైపే. సేకరించినవారు ఆ సంవత్సరం ఏ పల్టన్‌తో, ఏ సర్వేతో ఎక్కడున్నారో తెలిస్తే ఇంకా ఖాయం.

సంవత్సరాన్ని నమ్మే ముందు

సంపుటం మీద ఉన్న సంవత్సరం, నిజంగా అచ్చై బయటికొచ్చిన సంవత్సరం ఒకటి కాకపోవచ్చు. లండన్ జువలాజికల్ సొసైటీ ప్రొసీడింగ్స్ సంపుటాలకి సమావేశాలు జరిగిన సంవత్సరం వేసేవారు. అచ్చు తర్వాతెప్పుడో వచ్చేది. కలివికోడి ప్రజాతి రైనోప్టిలస్‌ని స్ట్రిక్లాండ్ పెట్టింది 1850 సంపుటంలో, కానీ దానికి ఇచ్చే సంవత్సరం 1852. రెండు పేర్ల మధ్య ఎవరిది ముందు అన్న తగువు ఉన్నప్పుడే ఇది తేల్చాలి, మిగతా చోట్ల ఐఓసీ ఇచ్చిన సంవత్సరం రాసుకుని ముందుకెళ్లండి. ప్రతి పేరుకీ తేదీ తవ్వుతూ కూర్చుంటే జాబితా ఎన్నటికీ పూర్తికాదు.

నమూనా లేబుల్ దాకా

కొన్ని పక్షులకి పుస్తకం చాలదు. ఫారెస్ట్ ఔలెట్ అనే అడవి గుడ్లగూబని హ్యూమ్ 1873లో ‘స్ట్రే ఫెదర్స్’ మొదటి సంపుటంలో హెటెరోగ్లాక్స్ బ్లెవిట్టి అని వర్ణించాడు. ఆ నమూనా 1872 డిసెంబరులో బస్నా–ఫుల్‌ఝర్ దగ్గర బ్లెవిట్ సేకరించింది. ఆ ఊరు నేటి ఛత్తీస్‌గఢ్‌లో ఒడిశా సరిహద్దుకి కూతవేటులో ఉంది. పక్కనే ఉన్న ఖరియార్ నుంచి కూడా ఈ పక్షి పాత నమోదు ఉంది. ఖరియార్ ఇప్పుడు ఒడిశా నువాపడా జిల్లాలోది, అప్పుడు సెంట్రల్ ప్రావిన్సెస్ రాయ్‌పూర్ జిల్లాలో జమీందారీ. ఒడిశా పేరుతో వెతికినవారికి ఈ నమోదు కనిపించదు.

దీని ప్రజాతి హెటెరోగ్లాక్స్, అథీనే మధ్య ఊగుతూ వచ్చింది. రెండూ వెతకాలి. అసలు పాఠం వేరే ఉంది. ఈ పక్షిని చివరిసారి 1914లో సేకరించినట్టు బ్రిటిష్ సైనికాధికారి, పక్షుల సేకరణకర్త మైనర్ట్స్‌హాగన్ పెట్టిన లేబుల్ చెప్పేది. పుస్తకాలన్నీ దాన్నే ఎత్తిరాశాయి. రాస్ముసెన్, కాలర్ ఆ చర్మాన్ని పరిశీలించి, అది 1880లలో వేరొకరు సేకరించిన నమూనాని దొంగిలించి, మళ్లీ కుట్టి, కొత్త లేబుల్ తగిలించినదని 1999లో బయటపెట్టారు. ఆ సంగతి అచ్చులోకి రాకముందే, తప్పుడు ఊరిని పక్కనబెట్టి పాత నిజమైన ఊళ్లవైపు వెతకబట్టే 1997 నవంబరులో మహారాష్ట్ర శహాదా దగ్గర ఆ పక్షి మళ్లీ దొరికింది. మీ పట్టికలో మైనర్ట్స్‌హాగన్ నమోదు ఏదైనా వస్తే ఎర్రగుర్తు పెట్టి, వేరే సాక్ష్యం లేకుండా జిల్లా జాబితాలోకి తీసుకోకండి.

హ్యూమ్ తన సేకరణ మొత్తాన్ని 1885లో బ్రిటిష్ మ్యూజియానికి ఇచ్చేశాడు, అది ఇప్పుడు ఇంగ్లండ్‌లోని ట్రింగ్‌లో ఉంది. 1874 నుంచి 1898 దాకా 27 సంపుటాలుగా వచ్చిన ఆ మ్యూజియం పక్షుల కేటలాగులో ఒక్కో జాతి కింద నమూనాల వరుస, ఊరు, ఎవరిచ్చారో ఉంటుంది. లేబుల్ ఫొటో కోసం మ్యూజియానికి రాసేటప్పుడు ఆ కేటలాగు సంపుటం, పేజీ, వరుసలో నమూనా అక్షరం మూడూ ఇవ్వండి. ‘ఒడిశా పక్షుల వివరాలు కావాలి’ అని రాస్తే జవాబు రావడం కష్టం.

గొలుసు ఎక్కడో తెగిపోయే పక్షులు కొన్ని తప్పకుండా మిగులుతాయి. పేరు ఉంటుంది, ఊరు ఉండదు. లేదా ఊరు ఉంటుంది, ఎవరి అర్థంలో పేరు వాడారో తేలదు. వాటిని జాబితా నుంచి తీసేయకుండా, నంబరు ఇవ్వకుండా, చివర విడిగా పెట్టండి. అచ్చులో ఉన్న పేరు, పుస్తకం, పేజీ, ఏది తేలలేదో ఒక వాక్యం చాలు. రేపు ఎవరికైనా ఆ సేకరణకర్త ఉత్తరమో, నమూనా లేబులో దొరికితే అక్కడి నుంచి అందుకుంటారు.